సినిమా డిస్కులన్నీ అయినకాడికి అమ్మేయాలా?

ప్రశ్న: నాకు నలభై ఎనిమిదేళ్లు. చిన్నప్పటి నుంచీ సినిమాలంటే ప్రాణం. సంపాదన మొదలైన దగ్గర్నుంచి నచ్చిన ప్రతి సినిమా కొనిపెట్టుకుంటూ వచ్చాను. మొదట వీసీడీలు, తర్వాత డీవీడీలు, బ్లూ-రేలు, ఈమధ్య 4కె డిస్కులు. లెక్కపెడితే తొమ్మిది వందలు దాటాయి. వాటిలో మూడోవంతుకి పైన చుట్టిన ప్లాస్టిక్ కవరైనా విప్పలేదు. కొన్ని సినిమాలు మూడేసి సార్లు కొన్నాను. ఎంతో ఇష్టపడి దాచుకున్న డీవీడీ ఒకటి మొన్న తీస్తే దానిమీద మబ్బులాంటి మరక. సగం సినిమా అయ్యాక బొమ్మ ఆగిపోతోంది. బ్లూ-రే ప్లేయర్ కూడా మొరాయిస్తోంది. పిల్లలేమో “అన్నీ ఓటీటీలో ఉన్నాయి కదా నాన్నా” అంటున్నారు. మా ఆవిడ ఇన్నేళ్లలో ఒక్క మాటా అనలేదు. నాకు అదే ఎక్కువ బాధగా ఉంది. ఆ అల్మరా చూస్తే ఇదివరకు గర్వంగా ఉండేది, ఇప్పుడు తల తిప్పుకుంటున్నాను. అన్నీ అయినకాడికి అమ్మేసి చేతులు దులుపుకుందామనుకుంటున్నాను. మీరేమంటారు? (పేరు వేయవద్దు)

సమాధానం: అమ్మాల్సినవి మీ దగ్గర ఉన్నాయి, అమ్మండి. కానీ అన్నీ కాదు, ఈ కోపంలో అసలే వద్దు. మీరు ఒకే బాధ అనుకుంటున్నది నిజానికి నాలుగు బాధల ముద్ద. చూడకుండా పేర్చినవి ఉన్నాయన్నది ఒకటి. ఒకే సినిమాకి మళ్లీ మళ్లీ డబ్బు పోశానన్నది ఇంకొకటి. దాచుకున్నది పాడైపోతోందన్న బెంగ మూడోది. నాలుగోది మీరు రెండు వాక్యాల్లో దాటేసిన మీ ఆవిడ మౌనం. అన్నీ అమ్మేస్తే మొదటిది తీరుతుందేమో గానీ రెండోది ఇంకా ముదురుతుంది. విసుగెత్తి అమ్మేసినవాళ్లు ఏడాది తిరక్కుండా అదే సినిమా కోసం వెతుక్కుని, అప్పటికి అచ్చు ఆగిపోయిన డిస్కుని ఎక్కువ ధర పెట్టి తెచ్చుకోవడం ఈ వ్యసనం ఉన్నవాళ్లందరికీ తెలిసిన కథే.

ముందుగా మళ్లీ మళ్లీ కొన్నవాటి సంగతి. ఇక్కడ మీరు మిమ్మల్ని అనవసరంగా తిట్టుకుంటున్నారు. వీసీడీ 1993లో వచ్చింది. డీవీడీ 1996 చివర్లో జపాన్‌లో మొదలైంది. బ్లూ-రే 2006లో, 4కె బ్లూ-రే 2016లో వచ్చాయి. వీసీడీలో బొమ్మ అడ్డంగా 352 పిక్సెళ్లు, నిలువుగా 288. డీవీడీకి వచ్చేసరికి అది 720, 576 అయింది. బ్లూ-రేలో 1920, 1080. 4కెలో ఆ రెండూ రెట్టింపు. మీరు మొదటి డీవీడీలు కొన్ననాడు ఇంట్లో ఉన్నది పిక్చర్ ట్యూబ్ టీవీ అయి ఉంటుంది. దానిమీద వీసీడీకీ డీవీడీకీ తేడా కొట్టొచ్చినట్టు కనిపించేది. అంతకు మించిన డిస్కు తెచ్చినా ఆ టీవీ చూపించగలిగేది కాదు. ఆ రోజుకి, ఆ టీవీకి అది సరైన వస్తువే. ఇవాళ్టి పెద్ద తెర ముందు కూర్చుని ఆనాటి కొనుగోలుకి తీర్పు చెప్పడం మీకు మీరు చేసుకుంటున్న అన్యాయం. 2006లో బ్లూ-రేకి పోటీగా హెచ్‌డీ డీవీడీ కూడా వచ్చింది. దాన్ని నమ్ముకుని అల్మరాలు నింపుకున్నవాళ్లు ఎందరో. 2008 ఫిబ్రవరిలో దాని ప్రధాన తయారీదారు తోషిబా దాన్నుంచి తప్పుకోవడంతో వాళ్ల డిస్కులు ఆదరణ లేనివైపోయాయి. వాళ్లేమీ తెలివితక్కువవాళ్లు కారు. ఏది నిలుస్తుందో అప్పటికి ఎవరికీ తెలియదు.

అయితే ఆఖరి మెట్టు దగ్గర, అంటే బ్లూ-రే ఉండగా మళ్లీ 4కె కొన్నవాటి దగ్గర, కాస్త గట్టిగానే మాట్లాడాలి. పెట్టె మీద 4కె అని ఉన్నంత మాత్రాన లోపలి సినిమా అంత స్పష్టతతో తయారైందని కాదు. 2000 తర్వాత ఎడిటింగ్, రంగుల దిద్దుబాటు కంప్యూటర్‌లోకి మారాక, చాలా ఏళ్లపాటు ఎన్నో సినిమాల తుది ప్రతిని 2కెలోనే, అంటే సుమారు 2048 పిక్సెళ్ల వెడల్పుతోనే ఖాయం చేశారు. అలాంటి సినిమాని 4కె డిస్కులో వేసేటప్పుడు ఉన్న బొమ్మనే సాగదీస్తారు. హెచ్‌డీఆర్ అనే, వెలుగునీ చీకటినీ ఎక్కువ తేడాతో చూపించే పద్ధతి వల్ల వెలుగునీడలు, రంగులు బాగుండొచ్చు. కొత్తగా కనపడే వివరం మాత్రం తక్కువే. అంతకంటే పాతవి, 35 ఎంఎం ఫిల్ము మీద తీసినవి వేరు. అసలు నెగటివ్‌ని జాగ్రత్తగా 4కెలో స్కాన్ చేస్తే బట్ట నేత దగ్గర్నుంచి తెలుస్తుంది. కాబట్టి వింత అనిపించినా, 1970ల నాటి సినిమాకి 4కె డిస్కు దండగ కాకపోవచ్చు, 2008 నాటి సినిమాకి దండగ కావచ్చు. కొనేముందు చూడాల్సింది సినిమా వయసు కాదు, ఆ డిస్కుకి మూలం ఏమిటన్నది. మంచి సమీక్షలు ఆ సంగతి చెబుతాయి. అవి వచ్చేదాకా ఆగితే పోయేదేమీ లేదు.

కొత్తదల్లా మెరుగని కూడా అనుకోకండి. కొన్ని డిస్కుల్లో ఫిల్ముకి సహజంగా ఉండే సన్నని రేణువుల్ని కంప్యూటర్‌తో తుడిచేస్తారు. బొమ్మ నున్నగా అవుతుంది, దాంతోపాటు నటుల ముఖాల మీద ముడతలు, చర్మపు గీతలు కూడా పోయి మైనపుబొమ్మల్లా కనిపిస్తారు. అందుకే, మూడుసార్లు కొన్న సినిమా అనగానే పాత రెండూ తీసి అవతల పెట్టేయవద్దు. ఒక పని చేయండి. అలాంటి సినిమా ఒకటి ఎంచుకుని, పాత డిస్కూ కొత్త డిస్కూ పక్కపక్కన పెట్టుకుని తీరిగ్గా కూర్చోండి.

మొదట సౌండు మెనూ చూడండి. పాత సినిమా అయితే అది చాలావరకు హాల్లో ఆడింది మోనోలో, అంటే శబ్దమంతా ఒకే ట్రాక్‌లో. కొత్త డిస్కులో కొన్నిసార్లు దాన్ని 5.1గా, అంటే చుట్టూ ఉండే స్పీకర్లకి పంచేలా మార్చి, తలుపు చప్పుడు, తుపాకీ మోత లాంటివి కొత్తగా అతికించి, అసలు మోనో ట్రాక్ పెట్టడం మానేస్తారు. అప్పుడు సినిమా అసలు గొంతు మిగిలి ఉన్నది మీ పాత డీవీడీలోనే. తర్వాత నేపథ్య సంగీతం. హక్కులు కుదరక పాటలు మార్చేసిన ప్రతులు కూడా ఉంటాయి. మీకు బాగా గుర్తున్న సన్నివేశం రెండింటిలోనూ పెట్టి వినండి. ఆపైన రంగు. రాత్రి సన్నివేశం పాతదాంట్లో వెచ్చగా ఉండి కొత్తదాంట్లో ఆకుపచ్చగానో నీలంగానో మారి ఉండొచ్చు. ఏది అసలుకి దగ్గరో చెప్పడం ప్రతిసారీ తేలిక కాదు గానీ, తేడా ఉందని తెలిస్తే పాతదాన్ని అమ్మే ముందు చెయ్యి ఆగుతుంది. దర్శకుడి వ్యాఖ్యానం, అప్పటి ఇంటర్వ్యూలు లాంటివి కూడా పాత డిస్కుతోనే ఆగిపోయిన సందర్భాలు బోలెడు. ఇప్పుడు ఆ మాట్లాడినవాళ్లలో కొందరు లేరు. నన్నడిగితే, అలాంటి ట్రాక్ ఒక్కటున్నా ఆ డిస్కు ఉండాల్సిందే.

ఈ పోలికలో ఒకచోట కంగారుపడతారు, ముందే చెబుతాను. కొత్తదాని నిడివి 150 నిమిషాలుంటే పాత డీవీడీ 144 నిమిషాలే చూపించొచ్చు. ఆరు నిమిషాలు కోసేశారని అనుకోకండి. సినిమా సెకనుకి 24 ఫ్రేములు. మన దేశంలో వాడిన పాల్ అనే ప్రసార పద్ధతి టీవీలు 25 ఫ్రేములతో నడిచేవి కాబట్టి, ఆ డిస్కుల్లో సినిమాని నాలుగు శాతం వేగం పెంచి వేసేవారు. ఏ సన్నివేశమూ పోలేదు, అంతా కాస్త త్వరగా అయిపోతుంది, గొంతులు కూడా ఒక పిసరు సన్నగా వినిపిస్తాయి. ఇలాంటి పాత ప్రతిలో ఇంకే ప్రత్యేకతా లేకపోతే దాన్ని నిశ్చింతగా ఇచ్చేయొచ్చు. వెడల్పు సినిమాని చదరపు టీవీ కోసం రెండు పక్కలా కత్తిరించిన డిస్కులదీ అదే దారి. వెడల్పాటి బొమ్మే ఉన్నా, ఇప్పటి టీవీలో నాలుగు వైపులా నల్లపట్టీల మధ్య చిన్న కిటికీలా కనిపించేవి కూడా పోయినా బాధలేదు. వీసీడీల్లో మాత్రం ఒక్కసారి పేర్లు చూసుకోండి. వేరే ఏ రూపంలోనూ రాని సినిమా ఒకటీ అరా ఉంటే వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించుకుని దాచండి. మిగతావి వదిలేయండి.

ఇక కవరు విప్పనివి. మూడు వందలు పైమాటే అన్నమాట. మీరు వాటిని కొన్నప్పుడు సినిమాతో పాటు, దాన్ని తీరిగ్గా చూసే ఒక సాయంత్రాన్ని కూడా ఊహించుకుని కొన్నారు. సినిమా వచ్చింది, సాయంత్రం రాలేదు. డిస్కౌంట్ అనే మాట ఇక్కడ చాలా నష్టం చేస్తుంది. సగం ధరకి వచ్చిన సినిమా చూడకపోతే ఆ సగమూ నష్టమే. రోజుకొకటి చొప్పున చూసేస్తానని పంతం పట్టకండి, ఇష్టంగా మొదలుపెట్టినది శిక్షగా మారుతుంది. ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని, ఇది ఎందుకు కొన్నాను అని పైకే అడగండి. ఛాయాగ్రాహకుడి కోసం, ఆ ఒక్క పాట కోసం, నాన్నతో కలిసి చూసినందుకు, ఇలా జవాబు తడుముకోకుండా వస్తే ఉంచండి. “తక్కువకి వచ్చింది”, “ఆ సెట్‌లో ఇదొక్కటే లేదు” అన్న జవాబు వస్తే అది పోయే గుట్టలోకి. నా అంచనాలో మీ దిగులు సగం ఈ గుట్టలోనే ఉంది, తొమ్మిది వందల్లో లేదు.

ఉంచుకునేవాటి కవర్లు విప్పండి. విప్పకపోతే భద్రంగా ఉంటుందన్నది ఉత్త భ్రమ. తయారీ లోపం ఉన్న డిస్కు అట్టపెట్టెలో సీలుతో ఉన్నా లోపం లోపమే. ఏళ్ల తర్వాత విప్పి చూసి మార్చివ్వమంటే ఎవరూ మార్చరు. అచ్చు ఆగిపోయిన అరుదైన సెట్లకి మాత్రం సీలు ఉంటే అమ్మకంలో ధర పలుకుతుంది. ఆ ధర తెలుసుకోవాలంటే అమ్మేవాళ్లు అడుగుతున్నది చూడకండి, అలాంటివి నిజంగా ఎంతకి అమ్ముడయ్యాయో చూడండి. రెంటికీ మధ్య తేడా చూస్తే ఆశ్చర్యపోతారు.

మబ్బు పట్టిన డీవీడీ విషయానికొస్తే, దాన్ని ఇప్పుడే చెత్తలో వేయకండి. డీవీడీ అంటే 0.6 మిల్లీమీటర్ల మందం ఉన్న రెండు ప్లాస్టిక్ రేకుల్ని జిగురుతో అంటించింది. మధ్యలో పలుచని లోహపు పొర ఉంటుంది. అంచుల్లోంచి గాలి, తేమ లోపలికి చేరితే ఆ పొర చిలుము పట్టినట్టు పాడవుతుంది. పెద్ద సినిమాలున్న డిస్కుల్లో రెండు పొరలుంటాయి. ప్లేయర్ మొదటి పొరని మధ్యలోంచి అంచు దాకా చదివి, అక్కడ రెండో పొరకి మారి, సాధారణంగా అంచు నుంచి మళ్లీ మధ్యకి వస్తుంది. అంటే సినిమా సగం అయ్యేసరికి చదువుతున్నది బయటి అంచు దగ్గర. మీ డిస్కు సరిగ్గా అక్కడే ఆగుతోంది. డిస్కు పాడైతే చాలాసార్లు అంచే ముందు పాడవుతుంది, మనం పట్టుకునేదీ అంచే, వేలిముద్రలు పడేదీ అక్కడే. అందుకని ముందు తుడిచి చూడండి. శుభ్రమైన మెత్తని గుడ్డ కొంచెం తడిపి, మధ్య రంధ్రం నుంచి అంచుకి తిన్నగా లాగండి. గుండ్రంగా తిప్పి రుద్దవద్దు. ట్రాకులు గుండ్రంగానే ఉంటాయి కాబట్టి అలా పడిన గీత ఒకే ట్రాక్ పొడవునా దెబ్బతీస్తుంది. ఆరాక దీపానికి అడ్డం పెట్టి చూడండి. మరక పోయి ఉంటే బతికిపోయింది. మరక లోపలే ఉండి, సూదిమొనంత వెలుగు చుక్కలు అక్కడక్కడా కనిపిస్తే ఆ డిస్కు ఇక బాగుపడదు. దాన్ని పాలిష్ చేయిస్తే డబ్బు పోవడమే. పైపైన గీతలకే పాలిష్ పనికొస్తుంది. బ్లూ-రేల్లో సమాచారం చదివే వైపు నుంచి 0.1 మిల్లీమీటరు లోతులోనే ఉంటుంది కాబట్టి వాటికి పాలిష్ జోలికే పోవద్దు.

మిగతావాటిని నిలువుగా పెట్టండి, ఎండ, చెమ్మ తగలనివ్వకండి, డిస్కు మీద స్టిక్కర్లు అంటించకండి. అంతకు మించి పెద్ద కష్టపడక్కర్లేదు. ఫ్యాక్టరీలో అచ్చువేసిన డిస్కుల్లో ఎక్కువ భాగం సరిగ్గా దాచుకుంటే చాలా ఏళ్లు ఆడతాయి. ఒకటి పోయిందని అన్నీ పోతున్నట్టు కాదు. మీరు అడగకపోయినా ఒక మాట. ఆ అల్మరాలో మీ ఇంటి పెళ్లిళ్లు, పిల్లల చిన్నప్పటి వీడియోలు ఉన్న క్యాసెట్లు గానీ, ఇంట్లో రాసుకున్న డిస్కులు గానీ ఉంటే సినిమాలన్నీ పక్కనపెట్టి ముందు వాటిని చూసుకోండి. ఇంట్లో రాసే డిస్కుల్లో చాలావాటిలో సమాచారం ఉండేది రంగుపొరలో, అది ఇంకా సున్నితం. క్యాసెట్లు చూద్దామంటే వీసీఆర్ తయారీ కూడా ఆగిపోయింది, ఆఖరిదాకా చేసిన ఫునాయ్ సంస్థ 2016 జులైలో మానేసింది. సినిమా ఇంకెవరి దగ్గరైనా దొరుకుతుంది, మీ అమ్మాయి మొదటి అడుగులు ఇంకెక్కడా దొరకవు.

“అన్నీ ఓటీటీలో ఉన్నాయి” అన్న మీ పిల్లల మాట సగం నిజం. ఇవాళ ఉన్నది ఒప్పందం ముగిసిన రోజున కనపడదు. చందా సంగతి అలా ఉంచితే, డబ్బు పెట్టి “కొన్న” డిజిటల్ సినిమాలకీ పూచీ లేదు. సినిమాలు కొని దాచుకోమని స్టూడియోలు కలిసి నిలబెట్టిన అల్ట్రావయొలెట్ అనే సేవ 2019 జులై 31న మూతపడింది. 2023 డిసెంబరులో, ప్లేస్టేషన్‌లో డిస్కవరీ కార్యక్రమాలు కొనుక్కున్నవాళ్లకి అవి ఇక కనిపించవని సోనీ చెప్పింది. గొడవయ్యాక ఆ నిర్ణయం వెనక్కి తీసుకుంది గానీ, తీసేసే వీలుందని మాత్రం అందరికీ తెలిసొచ్చింది. బొమ్మలోనూ తేడా ఉంది. 4కె డిస్కు సెకనుకి 100 మెగాబిట్లకి పైగా సమాచారం అందించగలదు. ఓటీటీలు 4కెకి సాధారణంగా అడిగే ఇంటర్నెట్ వేగమే 15 నుంచి 25 మెగాబిట్లు. చీకటి సన్నివేశాల్లో, పొగమంచులో ఈ తేడా కనపడుతుంది. పిల్లలతో వాదించకండి, ఆ రెండూ ఒకసారి పక్కపక్కన చూపించండి.

అలాగని ఈ వాదన మీ తొమ్మిది వందలకీ గొడుగు పట్టదు. ఎక్కడపడితే అక్కడ దొరికే, మీరు మళ్లీ చూడని సినిమాకి “ఓటీటీలోంచి తీసేస్తే ఎలా” అని భయపడి చోటు ఇవ్వడం అనవసరం. దొరకనివి, మళ్లీ మళ్లీ చూసేవి, మీ డిస్కులోనే బాగున్నవి ఉంచుకోండి.

ప్లేయర్ సంగతి తేల్చకుండా ఇవేవీ కుదరవు. శాంసంగ్ 2019లోనే కొత్త బ్లూ-రే ప్లేయర్లు మానేసింది, ఎల్‌జీ కూడా 2024లో ఆపేసింది. మార్కెట్లో ఉండగానే ఒక మంచి ప్లేయర్ కొనండి. ఈ ఏడాది కొనాలనుకున్న కొత్త డిస్కుల డబ్బంతా దానికే పోయినా పర్వాలేదు. కొనేటప్పుడు రీజియన్ కోడ్, అంటే ఏ ప్రాంతపు డిస్కులు ఆ ప్లేయర్‌లో ఆడతాయో చెప్పే గుర్తు, చూసుకోండి. డీవీడీలకి ప్రపంచాన్ని ఆరు రీజియన్లుగా, బ్లూ-రేలకి ఎ, బి, సి అని మూడుగా పంచారు. 4కె డిస్కులకి సాధారణంగా ఆ గొడవ లేదు. ఆడటంలేదని మీరు పక్కన పడేసిన డిస్కుల్లో కొన్ని పాడైనవి కాకపోవచ్చు, వేరే రీజియన్‌వి కావచ్చు.

మీ ఆవిడ గురించి. ఆవిడ మౌనానికి అర్థం కోపమనే మీరు తీసుకున్నారు. కావచ్చు, కాకపోనూ వచ్చు. ఇన్నేళ్లూ అడగకుండా మీరే ఊహించుకుంటూ వచ్చారు కాబట్టి ఇప్పుడు అడగండి. అడిగేటప్పుడు ఇంత ఖర్చయిందని దాచకుండా చెప్పండి, సుమారుగానైనా సరే. ఆవిడ పేరు చెప్పి అన్నీ అమ్మేస్తే, ఆవిడ అడగని త్యాగం ఆవిడ నెత్తిన పెట్టినట్టవుతుంది. రేపు ఏ సినిమా గుర్తొచ్చినా ఆ చిరాకు ఆవిడ మీదకే పోతుంది. అమ్మగా వచ్చిన డబ్బు ఇంటికే ఖర్చుపెట్టండి, ఇంకో డిస్కుకి కాదు. ఇకమీదట కొనాలనిపించినవి కాగితం మీద రాసుకుని, నెల తర్వాత కూడా అంతే ఆశగా ఉంటే అప్పుడు ఆలోచించండి. ఉంచుకునేవి ఎంచేటప్పుడు ఆవిణ్ని పక్కన కూర్చోబెట్టుకోండి. మీరు పోయే గుట్టలో వేసినదాన్ని ఆవిడ వెనక్కి తీయొచ్చు. తీస్తే ఆ రాత్రి అదే చూడండి.

అమ్ముడుపోనివి మీకు దగ్గరలోని గ్రంథాలయానికో, సినిమా చదువుకునే పిల్లలకో ఇవ్వండి, తీసుకుంటారో లేదో ముందు కనుక్కుని. ఇచ్చేముందు ప్రతి పెట్టె తెరిచి చూడండి. ఇన్నేళ్లలో ఒకదాని డిస్కు ఇంకోదాంట్లో పెట్టేసి ఉంటారు, ఖాళీ పెట్టెలూ కొన్ని ఉంటాయి.